ఇతరములు: నలభై ఒకటి

హాలు గడియారం నాలుగు నిమిషాలు వెనక ఉంది. నా వాచీలో పదీ రెండు, గోడ మీద తొమ్మిదీ యాభై ఎనిమిది. ఇన్విజిలేటర్ గోడనే నమ్ముతాడు కాబట్టి ప్రశ్నపత్రాలు ఇంకా ఆయన బల్ల మీద బోర్లా పడుకుని ఉన్నాయి. ఆయన రసాయనశాస్త్రం చెప్పే మాస్టారు, వేళ్ళ చివర్లు ఏదో ఆమ్లానికి పసుపుబారి ఉంటాయి. మా స్త్రీ అధ్యయనాల శాఖ పరీక్షకి ఎప్పుడూ ఇలా వేరే శాఖ నుంచి ఖాళీగా దొరికినవాళ్ళని పంపిస్తారు, మా శాఖకి ఉన్నది మేడమ్ ఒక్కతే, తన పిల్లలకి తను కాపలా కాయకూడదు. నా ముందు బల్ల ఖాళీగా ఉంది. దాని మూల మీద సుద్దముక్కతో రాసిన నంబరు నా నంబరుకి ఒకటి తక్కువ. అది బలపం నంబరు. బలపం మా క్లాసు పిల్లే, హాస్టల్లో నా గదిలో ఉంటుంది, తొమ్మిది రోజుల కిందటి దాకా ఉండేది అనాలి. పరీక్ష మొదలయ్యాక అరగంట వరకే తలుపు తెరిచి ఉంటుంది, తర్వాత ఎవరొచ్చినా రానివ్వరు, ఈ పేపరు తప్పితే ఏడాదంతా మళ్ళీ చదవాలి, వాళ్ళ నాన్న మళ్ళీ పంపించే మనిషి కాదు. అంటే ఈ అరగంటలో బలపం చదువు ఉందో పోయిందో తేలిపోతుంది. చూస్తూ కూర్చోవడం తప్ప నేను చెయ్యగలిగిందేమీ లేదు. చెయ్యగలిగింది నిన్న చేశాను, ఒక అబద్ధం చెప్పాను, అది పనిచేసిందో లేదో ఈ బల్లే చెప్పాలి.

కాగితాలు పంచారు, గంట కొట్టారు. కాగితాలు తిరగేసిన చప్పుడు, హాలంతా ఒకేసారి పక్కమీద ఒత్తిగిలినట్టు. నేను తిరగెయ్యలేదు. గుండె ఎలా కొట్టుకుంటోందో చూసుకున్నాను, మామూలుగానే ఉంది, అరచేతులు పొడిగా ఉన్నాయి. ఇది నాకు కొత్త కాదు. భయపడవలసిన చోట నా ఒళ్ళు నిదానంగా అయిపోతుంది, ఎవరో పక్కింటామె సంగతి వింటున్నట్టు నా సంగతి నేను వింటాను. చిన్నప్పుడు పన్ను పీకించుకుంటున్నప్పుడు కూడా ఆ డాక్టరు చొక్కా గుండీలు లెక్కపెడుతూ కూర్చున్నానని అమ్మ ఇప్పటికీ చెప్పుకుంటుంది, గొప్పగా. అది గొప్ప కాదని మేడమ్ క్లాసులో ఒకసారి అర్థమైంది. బయట నిలబడి చూడగలగడం పరిశోధకులకి అవసరం, కానీ బయట నిలబడటమే అలవాటైపోయిన మనిషి పరిశోధకురాలు కాదు, వట్టి కిటికీ అంది. ఆ వాక్యం నోట్సులో రాసుకుని కింద గీత గీశాను. స్కేలుతో.

స్కేలు లేకుండా గీత గీయను కాబట్టే హాస్టల్లో నా పేరు రూళ్ళకర్ర. దాని పేరు బలపం ఎందుకంటే అది వచ్చిన మొదటి వారంలోనే వంటమనిషి అంది, ఈ పిల్ల కాళ్ళకి బలపాలు కట్టుకుని తిరుగుతోంది, ఒకచోట కుదురుగా ఉండదే అని. పేరు అంటుకుపోయింది. రూళ్ళకర్ర, బలపం, ఒకే గదిలో, ఇక పలక కూడా వస్తే బడి పెట్టుకోవచ్చని మెట్ల మీద కూర్చునే పిల్లలు నవ్వేవాళ్ళు. స్త్రీ అధ్యయనాలు రెండో సంవత్సరంలో తొమ్మిదిమందిమి, హాస్టల్లో ఉండేది మేమిద్దరమే. మా శాఖ సైకిల్ స్టాండు మీద కట్టిన రెండు గదులు. కింద సైకిలు స్టాండు వేస్తే పైన మా నేల అదురుతుంది. ఈ చదువులో చేరుతున్నానంటే మా మామయ్య, ఆడవాళ్ళ గురించి చదవడానికి కాలేజీ దేనికే, ఇంట్లో మీ అమ్మమ్మ ఉంది కదా, ఆవిణ్ణి చదువు, నాలుగు జన్మలు పడుతుంది అన్నాడు. అందరూ నవ్వారు, అమ్మమ్మ కూడా. తర్వాత అమ్మమ్మ నన్ను పక్కకి పిలిచి, నిజంగా నా గురించి ఏమైనా రాశారా అందులో అని అడిగింది. ఆ మాట ఎందుకు గుర్తొచ్చిందో తెలియదు. పదీ ఏడు. గోడ మీద పదీ మూడు.

ఊరి నుంచి మొదటి బస్సు తొమ్మిదీ ఇరవైకి స్టాండుకి వస్తుంది. స్టాండు నుంచి ఆటోలో పావుగంట. వచ్చేదుంటే పది గంటలకి ముందే వచ్చేయాలి. రెండో బస్సు పన్నెండింటికి. నేను ఈ లెక్క పొద్దున్నించీ నాలుగుసార్లు చేశాను, నాలుగుసార్లూ ఒకే జవాబు వచ్చింది. అయినా తలుపు వైపు చూస్తున్నాను. లెక్క మీద నమ్మకం లేనిది నాకు కాదు, నా మెడకి.

బలపం సాయంత్రాలు నడిచేది. ఇది ఎవరికైనా చెబితే తర్వాత ఏమిటి అని అడుగుతారు, అంటే ఎవరితో, ఎక్కడికి, దేనికోసం. దానికి తర్వాత అనేది లేదు. క్లాసులు అయిపోగానే బయల్దేరి వీధులు పట్టుకుని పోయేది, గేటు ఆరున్నరకి వేసేస్తారు, అది ఏడుకీ ఏడుంపావుకీ వచ్చి రిజిస్టరులో సంతకం పెట్టి, వార్డెన్ దగ్గర నాలుగు అక్షింతలు వేయించుకుని పైకొచ్చేది. వచ్చాక మంచం మీద వెల్లకిలా పడుకుని పాదాలు గోడకి ఆనించి చూసింది చెప్పేది. పళ్ళ డాక్టరు కిటికీ తెర వెయ్యడం మర్చిపోయాడట, రోడ్డంతా ఒకాయన నోట్లోకి చూస్తూ పోతోందట. ఇద్దరు మనుషులు బీరువా మోస్తూ మెట్ల మధ్యలో ఆగి, బీరువా కింద పెట్టకుండానే, పదేళ్ళ కిందటి గొడవ మొదలుపెట్టారట. మూసేసిన బజారులో ఒక ముసలాయన భార్యకి స్కూటరు నేర్పిస్తున్నాడట, ఆవిడ నడుపుతుంటే ఆయన వెనకాల పరిగెత్తుతూ మెల్లిగా మెల్లిగా అంటున్నాడట, ఆవిడ మెల్లిగానే పోతోంది, రొప్పుతున్నది ఆయనట. నేను వింటూ గీతలు గీసుకునేదాన్ని. నాకు ఆ వీధులన్నీ తెలుసు, దాని నోటివెంట. నేనెప్పుడూ వెళ్ళలేదు. అది రెండు మూడుసార్లు పిలిచింది, తర్వాత మానేసింది. నాకు ఆరూ పది అయ్యేసరికి కాళ్ళు వాటంతట అవే గేటు వైపు తిరుగుతాయి. ఎవరూ చెప్పనక్కర్లేదు, గేటు వెయ్యకపోయినా సరే. ఇంట్లో సాయంత్రం పూట అమ్మ గుమ్మంలో నిలబడేది, ఏమీ అనేది కాదు, తిట్టేది కాదు, చేతిలో ఉన్న పని చేతిలోనే పట్టుకుని నిలబడేది. ఒకసారి చేటలో బియ్యం అలాగే ఉన్నాయి. ఆ నిలబడటం నా మోకాళ్ళలోకి వెళ్ళి కూర్చుంది. దీనికి మా పుస్తకాల్లో ఒక పెద్ద మాట ఉంది, నేను దాని మీద పదిహేను పేజీలు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను, ఆ కాగితాలు మేడమ్ చేతికిచ్చి ఆరూ పదికి గేటు లోపలికి వచ్చేశాను.

మూడో వరసలో ఎవరో దగ్గారు. ఇన్విజిలేటర్ హాజరు కాగితం పట్టుకుని వరసల మధ్య తిరుగుతున్నాడు. ప్రశ్నపత్రం తిప్పాను. మొదటి మూడూ తెలిసినవే. నాలుగోది దగ్గర చూపు ఆగింది. చిన్న సమూహాల నుంచి సేకరించిన వివరాలను ప్రచురించేటప్పుడు, పేర్లు తొలగించినప్పటికీ వ్యక్తులు గుర్తింపబడే ప్రమాదాన్ని ఉదాహరణతో చర్చించండి, పదిహేను మార్కులు. మేడమ్ ఈ పేపరు రెండు నెలల కిందటే తయారుచేసి పంపించి ఉంటుంది, అప్పటికి నేను గీసిన పోస్టరు లేదు. నా కోసం రాసింది కాదు. అయినా ఎవరో నా భుజం మీద చెయ్యి వేసినట్టే అయింది.

గేటు వేళ మార్చాలన్న పోరాటం మొదలుపెట్టింది యూనియన్ అక్క, న్యాయశాస్త్రం చివరి సంవత్సరం, మైకు లేకుండా రెండు మేడలకి వినిపిస్తుంది. గేటు ఎనిమిదిన్నర దాకా తెరిచి ఉంచాలి, అబ్బాయిల హాస్టల్‌కి అసలు గేటే లేదు, ఇదే వాదన మూడేళ్ళుగా నడుస్తోంది, మూడేళ్ళుగా ప్రిన్సిపాల్ అడుగుతున్న ప్రశ్న కూడా ఒకటే, అసలు ఎంతమందికమ్మా అవసరం, ఏం పనిమీద. అక్క ఒకరోజు మా గదికొచ్చింది. నీ చదువు మాకు ఉపయోగపడాలి చెల్లీ, మా దగ్గర గొంతులున్నాయి, లెక్కల్లేవు అంది. నేను ఆ నెలే పరిశోధనా పద్ధతుల పేపరు చదువుతున్నాను. వార్డెన్ దగ్గర చదువు పనని చెప్పి రిజిస్టరు అడిగి తెచ్చుకుని, ఒక టర్ములో ఆరున్నర దాటి ఎవరెన్ని రోజులొచ్చారో రాసుకున్నాను. తర్వాత గదిగదికీ తిరిగి అరవై ముగ్గురిని కారణం అడిగాను. లైబ్రరీ, ఆసుపత్రి, ఉద్యోగం, బస్సు ఆలస్యం. గడులు వాటంతట అవే ఏర్పడ్డాయి. రెండు రాత్రుళ్ళు కూర్చుని చార్టు మీద పట్టిక గీశాను. జీవితంలో మొదటిసారి నా చేతివేళ్ళకి నా నమ్మకాలు అందాయనిపించింది.

బలపం వంతు వచ్చినప్పుడు అది పాదాలు గోడకి ఆనించే ఉంది. నలభై ఒకటి, కారణం చెప్పు అన్నాను. "ఊరికే" అంది. ఊరికే అన్న గడి లేదు. "లేకపోతే గియ్యి. నీ చేతిలో పనేగా." అయిదు గడులు గీసేశానని, చార్టులో చోటు లేదని చెప్పాను. అది నా వైపు తిరిగి, అడ్డంగా ఉన్న మొహంతోనే కాసేపు చూసింది. "అందరికంటే ఎక్కువ రోజులు నావే, నాకే చోటు లేదా. పోనీలే, నీ ఇష్టమొచ్చిన దాంట్లో పడెయ్" అంది. చివరి గడి ఇతరములు. అందులో నలభై ఒకటి అని రాశాను. నిజం చెప్పాలంటే చోటు లేకపోవడం కాదు. ఊరికే అని గోడమీద రాస్తే ప్రిన్సిపాల్ నవ్వుతాడని, అక్క ఒప్పుకోదని, పట్టిక పరువు పోతుందని అనిపించింది. ఆసుపత్రికి వెళ్ళే ఆడపిల్లకి గేటు తియ్యమని అడగొచ్చు, పళ్ళ డాక్టరు కిటికీ చూడటానికి వెళ్ళే ఆడపిల్లకి తియ్యమని ఎలా అడుగుతాం. అలా నేను కూడా కారణం అడిగేవాళ్ళలో చేరిపోయాను, అప్పుడు తెలియలేదు.

పేర్లు తీసేశాను. అది మొదటి నియమం. పేర్ల బదులు శాఖ, సంవత్సరం రాశాను. అన్ని శాఖల వాళ్ళూ ఉన్నారని కనిపించాలని అక్క అడిగింది, మా శాఖ పేరు కూడా గోడ మీద ఉండాలని నాకూ ఉంది. స్త్రీ అధ్యయనాలు, రెండో సంవత్సరం, రెండు వరసలు. ముప్ఫై ఏడో వరస, సున్నా, సున్నా, సున్నా, సున్నా, సున్నా. ముప్ఫై ఎనిమిదో వరస, ఇతరములు, నలభై ఒకటి. ముప్ఫై ఏడు నేను. టర్ములో ఒక్కరోజు కూడా ఆలస్యంగా రాని మనిషి అరవై ముగ్గురిలో నేనొక్కదాన్నే. చిన్న గుంపులో మనిషి దాక్కోలేదు, పేరు తీసేసినా నీడ మిగులుతుంది, ఇది మేడమ్ చెప్పిన మాటే, నా నోట్సులో పందొమ్మిదో పేజీలో ఉంది, కింద గీతతో సహా. గీత గీసిన చెయ్యే ఆ రెండు వరసలూ రాసింది. తెలియక చేసిన తప్పయితే తెలుసుకుని ఊరుకోవచ్చు. ఇది తెలిసిన విషయం మీద కూర్చుని చేసిన తప్పు, వంటమనిషి ఉప్పు డబ్బా మీద చెయ్యి పెట్టుకుని ఉప్పు మర్చిపోయినట్టు.

పదీ పదహారు. హాజరు కాగితం నా దగ్గరికి వచ్చింది. దాని వరసలో చోటు ఖాళీగా ఉంది, కింద నాది. మళ్ళీ రెండు వరసలే. సంతకం పెట్టాను. మాస్టారు ముందు బల్లని పెన్నుతో తట్టి, ఈ అమ్మాయి రావట్లేదా అన్నట్టు కనుబొమలు ఎగరేశాడు. నేను తెలియదన్నట్టు తల ఊపాను. అబద్ధం కాదు. ఆయన ఎర్ర పెన్ను జేబులోంచి తీసి, గోడ గడియారం చూసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. ఇంకా పద్ధెనిమిది నిమిషాలుంది ఆయన లెక్కలో. నా లెక్కలో పద్నాలుగు. ఆ నాలుగు నిమిషాలు ఎవరివో తెలియదు.

వాళ్ళ నాన్నకి గడియారాల రిపేరు దుకాణం. మొదటి ఏడాది దాన్ని దింపడానికి వచ్చినప్పుడే చూశాను. పెట్టెలు లోపలికి చేర్చకుండానే గేటు దగ్గర ఆగిపోయి, పైనున్న గడియారం వైపు చూసి, వాచ్‌మన్ తాతతో, ఏడు నిమిషాలు ముందుంది, ఈ ఏడు నిమిషాలూ ఏ పిల్ల దగ్గర లాక్కున్నావు తాతా అన్నాడు. స్టూలు అడిగి ఎక్కి సరిచేసి దిగితే గాని కూతురికి టాటా చెప్పలేదు. తప్పు గడియారం చూస్తే మా నాన్నకి ఒళ్ళంతా దురద అని బలపం చెప్పింది, పెళ్ళిళ్ళలో, బ్యాంకుల్లో, ఆసుపత్రిలో అమ్మ పోయిన రోజు కూడా, వార్డులో గడియారం పదకొండు నిమిషాలు వెనక ఉంటే నర్సుతో చెప్పాడట, చెప్పి అప్పుడు ఏడ్చాడట. అందుకే మా గేటు గడియారం అప్పట్నించీ కచ్చితంగా నడుస్తుంది. కూతురు ఎన్ని నిమిషాలు ఆలస్యమయిందో రిజిస్టరులో తప్పు లేకుండా ఉన్నది ఆయన చేతి చలవే. ఆ మధ్య నా వాచీ నిలిచిపోతే బలపంతో పంపించాను, బాగుచేసి పంపుతూ, ఈ అమ్మాయి రోజూ ఒకే వేళకి కీ ఇస్తుందే, స్ప్రింగు చూస్తే తెలుస్తుంది, బుద్ధిమంతురాలు, నువ్వూ నేర్చుకో అన్నాడట. నేను బాబాయ్ గారూ అంటాను.

తొమ్మిది రోజుల కిందట, గేటు పక్క గోడకి అంటించిన నా పట్టిక పోస్టరు ఒక మూల ఊడిపోయింది, నేను జిగురు డబ్బా, బ్రష్షు పట్టుకుని అంటిస్తున్నాను. వెనక నుంచి ఆయన గొంతు. కూతురికి కొత్త కళ్ళజోడు తెచ్చాడు, చేతిలో చిన్న పెట్టె. ఇది నువ్వు గీసిందేనా తల్లీ, గీతలు ఎంత తిన్నగా ఉన్నాయో అన్నాడు. నాకు సంతోషం కూడా వేసింది, ఆ సంతోషం ఇప్పటికీ అక్కడే ఉంది, తుడిచినా పోవట్లేదు. తర్వాత ఆయన చదవడం మొదలుపెట్టాడు. చిన్న పళ్ళచక్రాలు చూసే మనిషి కదా, వేలు పెట్టి పై నుంచి కిందికి ఒక్కో వరసా చూసుకుంటూ వచ్చాడు. ముప్ఫై ఏడు దగ్గర వేలు ఆగింది. ముప్ఫై ఎనిమిది దగ్గర ఆగింది. మళ్ళీ పైకి, మళ్ళీ కిందికి.

"మీ క్లాసులో హాస్టల్లో ఉండేది మీరిద్దరే కదమ్మా."

అవునన్నాను.

"ఇతరములు అంటే ఏమిటి?"

జిగురు నా మణికట్టు మీదకి కారుతోంది. "అది చెప్పకూడదండి బాబాయ్ గారూ. ఎవరి వివరాలు వాళ్ళవి. నియమం."

"మంచి నియమమే. ఈ కింది వరస నీదా?"

ఎంతసేపు మాట్లాడలేదో నాకు తెలుసు. అయిదు సెకన్లు. తర్వాత కూడా నియమం గురించే ఏదో అన్నాను. ఆయన తల ఊపి కళ్ళజోడు పెట్టెతో లోపలికి వెళ్ళిపోయాడు. గంట తర్వాత బలపం బట్టల పెట్టెతో వాళ్ళ నాన్న వెనకే బయటికి వచ్చింది, కొత్త కళ్ళజోడు పెట్టుకుంది. నా బ్రష్షు వైపు చూసింది, పోస్టరు వైపు చూసింది. ఫోను వాళ్ళ నాన్న జేబులో ఉంది.

ఈ తొమ్మిది రోజులూ ఆ అయిదు సెకన్లనే తెరిచి చూస్తున్నాను, ఆయన వాచీ వెనక మూత తెరిచినట్టు. పైన ఉన్నది నియమం. దాని కింద, నాదే అంటే అబద్ధమవుతుంది కదా అన్న ఆలోచన. దాని కింద, చిట్టచివర, చాలా చిన్నది, ఈ పెద్దాయన ఆ నలభై ఒకటీ నావనుకుంటే నన్ను ఎలా చూస్తాడు అన్న భయం. బుద్ధిమంతురాలు. గుమ్మంలో నిలబడిన అమ్మ. ఆ చిన్నదే మొత్తం నడిపింది. నావి అయితే నావనేదాన్ని, కాబట్టి నా మౌనంలో ఆయనకి జవాబు దొరికింది. ఆడవాళ్ళు ఎందుకు మాట్లాడలేకపోతారు అన్న దాని మీద నేను సెమినార్ ఇచ్చాను, అందరూ చప్పట్లు కొట్టారు.

ఇక్కడేమో గెలిచాం. పోస్టరు పడిన నాలుగో రోజు సాయంత్రం పిల్లలంతా గేటు బయటే రోడ్డు మీద కూర్చున్నారు, లోపలికి రాము, తాళం వేసుకోండి అని. వంటమనిషి గేటు ఊచల్లోంచి మంచినీళ్ళు అందించింది. నేను లోపల మెట్ల మీద కూర్చుని రెండో పట్టిక గీస్తున్నాను, ఎవరో ఒకరు గీయాలిగా అన్నాను, అక్క కూడా అవునంది. మొన్న నోటీసు వచ్చింది, గేటు ఎనిమిదిన్నర వరకు. అక్క నన్ను ఎత్తి తిప్పింది, నీ పట్టికే గెలిపించింది చెల్లీ అంది. బలపాన్ని తీసుకుపోయారక్కా అన్నాను. తెలుసు, బాధగానే ఉంది, పెద్ద పనిలో ఒకరిద్దరికి దెబ్బలు తగులుతాయి, దాని పేరు మీద కూడా ఒక తీర్మానం పెడదాం అంది. అక్క చెడ్డది కాదు. దాని పేరు మీద అనగానే నాకు నవ్వొచ్చింది, పేరు తీసేసి చేసిన పనికి పేరు పెట్టి తీర్మానం. ఇప్పుడు గేటు వేళ ప్రకారం ఆ నలభై ఒక్క రోజుల్లో ఒక్కటి కూడా ఆలస్యం కాదు. అందరూ నడవచ్చు, నడిచేది లేదు.

నిన్న మధ్యాహ్నం దుకాణానికి ఫోను చేశాను. వెనక గడియారాలన్నీ ఒకదాని మీద ఒకటి కొట్టుకుంటున్న చప్పుడు. "బాబాయ్ గారూ, ఆ కింది వరస నాదండి. పై వరస దానిది. అది ఒక్కరోజు కూడా ఆలస్యంగా రాలేదు" అన్నాను. ముందే కాగితం మీద రాసుకుని చదివాను. ఆయన చేతిలో పనిముట్టు బల్ల మీద పెట్టిన చప్పుడు. తర్వాత, "మరి ఆ రోజు ఎందుకు చెప్పలేదమ్మా" అన్నాడు. అది కాగితం మీద లేదు. "భయమేసిందండి" అన్నాను. ఆ ఫోనులో నేను చెప్పిన నిజం అదొక్కటే. ఊఁ అన్నాడు, పెట్టేశాడు. నమ్మాడో లేదో ఆ ఊఁలో ఏమీ లేదు. పెట్టేశాక అనిపించింది, అది ఇంట్లో ఉంది, నమ్మితే దానితో ఏమంటాడు, నీ స్నేహితురాలు ఒప్పుకుంది, నీ తప్పేం లేదు అంటాడు. దాని బీరువా మనుషులూ, స్కూటరు ముసలావిడా, నలభై ఒక్క సాయంత్రాలూ తప్పు కింద నా పేరున రాసేశాను. మొదట దాని కారణం తీసేశాను, ఇప్పుడు రోజులు కూడా.

పదీ ఇరవై ఏడు. నాలుగో ప్రశ్నకి జవాబు మొదలుపెట్టాను, చేతికి ఏదో ఒక పని ఉండాలి. ఒక కళాశాల వసతిగృహంలో అని మొదలుపెట్టి, ఒక విద్యార్థిని అని రాసి, కొట్టేశాను. నేను అని రాశాను. నేను ఒక పట్టిక తయారుచేశాను. మా తరగతి నుంచి అందులో ఇద్దరమే. తర్వాత పెన్ను ఆగలేదు. మేడమ్ దీన్ని దిద్దుతుంది, ఎవరి గురించో ఆవిడకి తెలుస్తుంది, తెలియనీ. ఇతరములు అన్న గడిలో నలభై ఒకటి అని రాశాను, అక్కడ రాయవలసిన మాట ఊరికే, అని రాస్తున్నప్పుడు వాచీ పదిన్నర చూపించింది. నా వరకు తలుపు మూసుకుపోయింది. గోడ మీద ఇంకా నాలుగు నిమిషాలుంది, కానీ గోడ తప్పు.

పదీ ముప్ఫై మూడుకి వరండాలో చెప్పుల చప్పుడు. రెండు జతలు. మాస్టారు లేచి తలుపు దగ్గరికి నడిచాడు, మూయడానికే అనుకుంటా. గుమ్మంలో బలపం, మొహమంతా చెమట, కళ్ళజోడు ముక్కు మీదకి జారి ఉంది. వెనక బాబాయ్ గారు, ప్యాంటు మోకాళ్ళ దాకా దుమ్ము. మాస్టారు గోడ గడియారం చూశాడు. పదీ ఇరవై తొమ్మిది. ఇంకా ఒక నిమిషం ఉందిలే అన్నాడు.

బాబాయ్ గారు కూడా చూశాడు. గడియారం చూశాడు, తన చేతికున్నది చూసుకున్నాడు, మళ్ళీ గోడ వైపు చూశాడు. ఆయన నోరు తెరుచుకోవడం నేను చూశాను. పెళ్ళిళ్ళలో చెప్పిన మనిషి, భార్య పోయిన వార్డులో చెప్పిన మనిషి. ఆయన చెయ్యి పైకి లేచి, మెడ వెనక ఏదో దురద పెట్టినట్టు గోక్కుని, కిందికి దిగింది. నేను బయట బెంచీ మీద ఉంటానండీ అని మాస్టారితో చెప్పి పక్కకి జరిగాడు.

ఆలస్యంగా వచ్చినవాళ్ళకి ఒక చీటీ ఉంటుంది. మాస్టారు దాన్ని బల్ల మీద పెట్టుకుని, బస్సు లేటా అని అడిగాడు.

"లేదండీ. బస్సు వేళకే వచ్చింది. స్టాండు నుంచి నడిచొచ్చాం."

"ఆటోలు లేవా?"

"ఉన్నాయండీ. నాన్న నడుద్దామన్నాడు. ఊరికే."

మాస్టారు ఆ జవాబు వైపు ఒక క్షణం చూసి, చీటీలో ఏదో ఒక గడిలో టిక్కు పెట్టాడు. ఏ గడో నాకు కనిపించలేదు. తెలుసుకోవాలని కూడా లేదు. అది వచ్చి నా ముందు కూర్చుంది. మెడ మీద జుట్టు తడిసి అంటుకుపోయి ఉంది. వెనక్కి తిరగలేదు. ప్రశ్నపత్రం తిప్పింది, చదివింది, నాలుగో ప్రశ్న దగ్గరికి వచ్చినట్టుంది, భుజాలు ఒకసారి కదిలాయి. నవ్వో కాదో వెనక నుంచి తెలియదు. నా గుండె కొట్టుకుంటోంది, మామూలుగా కాదు, చప్పుడు వినపడేలా, అది పక్కింటామెది కాదు.

పదకొండుకి దగ్గరలో అది అదనపు కాగితం అడిగింది. కట్టుకునే దారం మాస్టారు ఇందాకే నా బల్ల మీద పెట్టి పోయాడు, తీసుకోమని చేత్తో చూపించాడు. అది సగం వెనక్కి తిరిగి చెయ్యి చాచింది. కొత్త కళ్ళజోడులోంచి నన్ను సూటిగా చూసింది. పెదాలు కదపకుండా, మాస్టారు అటు తిరిగి ఉన్నంతలో చెప్పేసింది.

"నావి నువ్వెందుకే తీసుకుంటావు? కావాలంటే నీవి నువ్వు నడువు. నావి నావేనని నాన్నకి నిన్నే చెప్పాను."

దారం తీసుకుంది. మళ్ళీ ముందుకి తిరగబోతూ ఆగింది.

"అయినా నలభై ఒకటి కాదు. నలభై మూడు. రెండుసార్లు తాత సంతకం లేకుండా వదిలేశాడు."

ముందుకి తిరిగి దారం ముడి వేసుకుంది. కిటికీ బయట బెంచీ మీద బాబాయ్ గారు చెప్పులు విడిచి, పాదం చేత్తో నొక్కుకుంటూ కూర్చుని ఉన్నాడు. నేను నా కాగితం వెనక్కి తిప్పి ఇతరములు అన్న చోటు వెతికాను. నలభై ఒకటి మీద గీత కొట్టి పక్కన నలభై మూడు అని రాశాను. స్కేలు సంచిలో ఉంది, సంచి గుమ్మం దగ్గర ఉంది. గీత వంకరగా వచ్చింది. అలాగే ఉంచాను.